వియ్యంకుడి గాలి మీటరు

పుంగనూరు

చిరంజీవి సౌభాగ్యవతి జాహ్నవికి మీ నాయన దీవెనలు. మేమిద్దరం బాగున్నాము. గుడుపల్లెలో నువ్వూ, అల్లుడు ఉదయ్ కిరణ్, మీ అత్తామామలూ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను.

అమ్మ మోకాలి గురించి అడిగావు. మదనపల్లెలో డాక్టరుకు చూపించాము. మెట్లెక్కవద్దన్నాడు. ఆమె ఎక్కుతూనే ఉంది. ఎండలు ముదిరాయి కాబట్టి నా ఫ్యాన్ల షాపు బాగా నడుస్తోంది.

నీ ఉత్తరం నిండా గాలి వేగం కొలవడానికి మీ మామ దేవరాజులు చేసిన గాలి మీటరు సంగతే. నాలుగు పెరుగు కప్పులు, రెండు వెదురు పుల్లలు, ఇరుసుకు ఖాళీ రీఫిల్. చుట్లు లెక్కపెట్టడానికి ఒక కప్పుకు నీ గోళ్ల రంగు. గాలి ఆడని పొద్దున అల్లుడి బండి వెనక కూర్చుని, ఏ స్పీడుకు ఎన్ని చుట్లో లెక్క కట్టావట. గాలి జోరుగా ఉంటే టమోటాకు మందు కొట్టడం ఆపుతున్నారట. మంచిదే. చివర "మామకు తెలియనిది లేదు నాయనా" అని రాశావు. చిన్నప్పుడు ఆ మాట నా గురించి అనేదానివి. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

"ఇన్నేండ్లుగా ఫ్యాన్లు తిప్పేవాణ్ణి నేను. పెరుగు కప్పులతో ఆయన గొప్పోడైపోయినాడా?" అన్నాను మీ అమ్మతో.

"నువ్వు తిప్పేది కరెంటుతో కదా. యాల కుళ్లుకుంటాండావు?" అంది.

కుళ్లే. ఆయనకంటే పెద్ద మీటరు చేయాలని మొదలుపెట్టాను. పాత టేబుల్ ఫ్యాను బేరింగుకు మీ అమ్మ స్టీలు గరిటెలు నాలుగు బిగించి మిద్దెపైన నిలబెట్టాను. పక్కింటి చీరలు తీగ మీద ఎగిరెగిరి పడుతున్నాయి. నా మీటరు మాత్రం కదల్లేదు.

ఇప్పుడు నీ దగ్గర దాచిన మాట చెబుతాను. పోయిన ఆదివారం మీ మామ కుప్పంలో పనుందని బయలుదేరాడు కదా. ఆయన వచ్చింది మా ఇంటికే. సిగ్గు విడిచి నేనే ఫోను చేసి పిలిచాను.

గరిటెను వేలితో తిప్పి చూసి, "ఇవి బరువు బావా. బేరింగులో గ్రీజు కూడా దండిగా ఉండాది," అన్నాడు.

బేరింగును కిరోసిన్‌లో కడిగి, గరిటెలు తీసి ఐస్‌క్రీం కప్పులు పెట్టాము. తిరిగింది. నాకు సంతోషం కలగలేదు. ఇదీ ఆయనదే అయిందనుకున్నాను.

కాఫీ తాగుతూ ఆయన తలెత్తకుండా అన్నాడు: "పిల్ల ఎప్పుడు సూడు, మా నాయనైతే ఇట్ల చేస్తాడు, మా నాయనైతే అట్ల చేస్తాడు అంటాది. మిక్సీ ఆగినా నీ పేరే, మోటారు కాలినా నీ పేరే. వినలేకపోయినా బావా. నువ్వు చేయనిది ఒకటన్నా చేసి సూపించాలని ఆ కప్పులు పట్టుకున్నా."

మీ అమ్మను పిలిచి, ఆయనకు ఇంకొంచెం కాఫీ పోయమన్నాను.

ఇది నీకు చెప్పనని ఆయనకు మాటిచ్చాను. నిలుపుకోలేకపోయాను. నువ్వు తెలియనట్టే ఉండు. ఆయన ముందు నా పేరు కాస్త తగ్గించు తల్లీ. పూర్తిగా మానేయమనడం లేదు.

ఇట్లు,
మీ నాయన
గోవిందప్ప