తీగకు తగిలిన లంగరు

11 ఆగస్టు 1961, శుక్రవారం
ఆఫీసుకు కొత్త రిజిస్టర్ మొదలుపెట్టాను. అట్ట మీద పేరు మా ఆయనది, లోపల రాత నాది. ఆయన కళ్ళలో పొరలు కమ్మి రెండేళ్ళయింది.

సముద్రం అడుగున వచ్చే తంతి కేబుల్ మా చిన్నతిప్ప ఒడ్డున గట్టెక్కి, ఈ రేకుల గదిలో నేల తీగతో కలుస్తుంది. దానికి ఆయన కాపలాదారు. పొద్దున్నే టెస్టు పెడతారు. మీటరు ముల్లు ఎంత కదిలిందో నేను చూసి రాస్తాను. గాలి ఎటు, వేటకు పోయిన పడవలెన్ని, ఒడ్డున ఉన్నవెన్ని, అన్నీ రాయాలి. ఎవరు రాస్తున్నారో పై ఆఫీసుకు తెలిస్తే ఉద్యోగం పోతుంది, ఈ క్వార్టర్సూ పోతుంది.

ఇవాళ అమావాస్య. ఈ ఊళ్ళో అమావాస్యకు పడవ దించరు. దించినవాడి చేత కులపెద్దలు తప్పు కింద డబ్బు కట్టిస్తారు. "వేట లేదు. ఇరవై మూడు పడవలూ ఒడ్డున" అని రాసేసి, ఊరగాయ జాడీలు కడిగి ఎండకు పెట్టాను.

12 ఆగస్టు, శనివారం
దక్షిణపు గాలి. తలుపు తీస్తే ఇల్లంతా ఇసక. అయినా వెళ్ళి పడవలు రెండుసార్లు లెక్కపెట్టాను. ఇరవై మూడు.

14 ఆగస్టు
ఓబులేసు వచ్చాడు. మాకు కట్టెలు తెచ్చిపెట్టే పిచ్చమ్మ భర్త. వేటలో అతని లంగరు కేబుల్‌కు తగులుకుందట. లాగకుండా తాడు కోసి వచ్చేశాడట. రూలు అదే. లాగితే కేబుల్ తెగుతుంది. అందుకని తాడు కోసుకుని వచ్చినవాడికి ఆఫీసు లంగరుకు లంగరు ఇస్తుంది.

ఎప్పుడు పోయావని మా ఆయన అడిగారు. తల గోక్కుని, శనివారం అన్నాడు. శనివారం గాలికి కుక్క కూడా బయట లేదే అన్నాను. పొట్టకు గాలి తెలస్తదా తల్లీ, పోయినాను అన్నాడు. నవ్వాడు గానీ నా వైపు చూడలేదు.

అతను వెళ్ళాక, లంగరేగదా, రాసిచ్చెయ్యరాదా శేషూ అన్నారు ఈయన. నేను ఒప్పుకోలేదు. ఒక్క అబద్ధం దొరికిందంటే రిజిస్టరంతా తిరగేస్తారు, చేతిరాత చూస్తారు అన్నాను. క్లెయిము కాగితం మీద రిమార్క్స్‌లో "ఆ రోజు పడవలన్నీ ఒడ్డున ఉన్నవి" అని రాశాను. చూసిందే రాశాను.

2 సెప్టెంబర్
క్లెయిము తిరగ్గొట్టారు. ఓబులేసుకు ఉత్తరం చదివి వినిపించింది నేనే. "తప్పుడు క్లెయిము" అన్న మాట దగ్గర ఆగకుండా చదివాను. సరే తల్లీ, మీరు చదువుకున్నోళ్ళు అని వెళ్ళిపోయాడు.

10 సెప్టెంబర్
పడవల దగ్గర అతన్ని ఏడిపిస్తున్నారు. ఏమయ్యా లంగరు దొరా, ఈతూరి ఆఫీసోళ్ళు ఓడే ఇస్తారంటనే, అంటున్నారు. కొత్త లంగరు కొన్నాడు. పిచ్చమ్మ మెడలో పుస్తెలు లేవు. పసుపుకొమ్ము కట్టుకుని ఉంది. నేను అడగలేదు.

18 అక్టోబర్, సాయంత్రం
ఓబులేసు పడవ తిరగబడింది. తమ్ముడు హజరత్తయ్య ఒక్కడే ఈదుకుని ఒడ్డుకు వచ్చాడు.

గోనెపట్టా కప్పుకుని వణుకుతూ చెప్పాడు. మళ్ళీ అదే చోట లంగరు తగులుకుందట. అలలు లేస్తున్నాయట. నేను కత్తి తీసినాను, అన్న నా చెయ్యి పట్టుకున్నాడు, కొయ్యబాకరా, పోయినసారి కోసినందుకే దొంగనన్నారు, ఇంకో లంగరు యాడ తెస్తాం అన్నాడు, ఇద్దరం లాగినాం, పక్కనుంచి అల కొట్టింది అన్నాడు. ఇదే మాట అడిగినవాళ్ళందరికీ చెప్పాడు.

అక్కడ నిలబడి అంతా విన్నాను. ఎవరూ నన్ను ఏమీ అనలేదు.

20 అక్టోబర్
దొరికాడు. ఉత్తరంగా రెండు మైళ్ళ అవతల.

21 అక్టోబర్
టెస్టు పెట్టాం. కేబుల్‌కు ఏమీ కాలేదు.

30 అక్టోబర్
కర్మ అయ్యాక పిచ్చమ్మ ఇంటికి వెళ్ళాను. చాప వేసింది. నేను రాసింది ఉన్నదే పిచ్చమ్మా అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

నువ్వు రాసింది నిజమేలే అక్కా అంది. శనివారం పోలా, శుక్రవారం పోయినాడు, అమాస నాడు అంది. ఇంట్లో నూకలు కూడా లేవట. చీకటితోనే ఒక్కడే పడవ దించాడట. మధ్యాహ్నం, వాగు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒడ్డెక్కి, చీకటి పడ్డాక పడవను ఎప్పటి చోటికి చేర్చాడట. ఎవరూ చూడలేదట. లంగరు పోయింది ఆ రోజే. ఆఫీసులో ఆ తేదీ చెప్తే ఊరికి తెలుస్తుందని శనివారం అన్నాడు.

శుక్రవారం నేను ఒడ్డు చూడలేదు. అమావాస్య కదా అని వంటింట్లోంచే ఇరవై మూడు వేశాను. తల తిప్పి చూసి ఉంటే ఇరవై రెండు కనపడేవి. సోమవారం అతను వచ్చినప్పుడు ఆ తగ్గిన ఒక్కటీ గుర్తొచ్చేది.

ఆఫీసుకు ఉన్నదున్నట్టు రాస్తానన్నాను. పిచ్చమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. రాయబాకక్కా అంది. అమాస నాడు పోయినాడని తెలిస్తే, అందుకే సముద్రం తీసకపోయిందంటారు, బిడ్డల్ని పెళ్ళిళ్ళ దాకా అదే మాటతో పొడస్తారు అంది. ఆఫీసోళ్ళు దొంగంటే పడతాం, ఊరితో బతకాల గదా అంది.

మాట ఇచ్చి వచ్చాను.

5 నవంబర్
మా ఆయనకు చెప్పాను. చుట్ట ఆర్పేశారు. ప్రమాదం సంగతి విచారించడానికి గురువారం ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని కబురొచ్చింది. నీకు తోచింది చెయ్యి శేషూ, నా కళ్ళు ఇంకెన్నాళ్ళు దాచిపెడతావులే, అన్నారు.



9 నవంబర్, గురువారం
ఇన్‌స్పెక్టర్ పద్మనాభయ్య గారు వచ్చారు. మర్యాదస్తుడు. కులపెద్దలు, హజరత్తయ్య, మేము, అందరం రేకుల గది ముందు. పిచ్చమ్మ గోడ పక్కన.

చనిపోయినతను మునుపు తప్పుడు క్లెయిము పెట్టిన మనిషే కదా అని మొదలుపెట్టారు ఇన్‌స్పెక్టర్. రూలు తెలిసీ తాడు కోయలేదు, కనక తప్పు చనిపోయినవాడిదే అని రాయబోయారు.

నేను ముందుకు వెళ్ళాను. ఆగస్టు పన్నెండు నాటి రాత తప్పండీ అన్నాను. రాసింది నేను అన్నాను. గాలికి ఆ శనివారం గడప దాటలేదు, చూడకుండానే ఇరవై మూడని వేశాను, ఓబులేసు వేటకు పోయే ఉంటాడు అన్నాను.

మీరెందుకు రాశారమ్మా అన్నారు. మా ఆయనకు కళ్ళు కనపడవు అన్నాను. పాత రిజిస్టర్ తెమ్మన్నారు. నిదానంగా పేజీలు తిప్పారు. అందులోనూ నా చేతిరాతే. మా ఆయన పక్కనే నిలబడి, ఎటో సముద్రం వైపు ముఖం పెట్టుకున్నారు.

అయితే ఓబులేసు చెప్పింది నిజమేనా అమ్మా, అని అడిగాడు ఒక పెద్దాయన. పోయినసారి లంగరు దొరా అని నవ్వింది ఆయనే.

నిజమే చెప్పినాడు అన్నాను.

చూడకుండా రాసింది శుక్రవారం. శనివారం రెండుసార్లు చూశాను. ఇది ఈ నా సొంత డైరీలో తప్ప ఎక్కడా రాయను, ఎవరికీ చెప్పను.

అందరూ వెళ్ళాక ఈయన, ఇరవై ఆరేళ్ళ కాపురంలో నువ్వు అబద్ధం చెప్పగా ఇదే వినడం, ముందే నేర్చుకోవాల్సింది శేషూ అన్నారు. ఎగతాళికే అన్నారు. నేను లోపలికి వెళ్ళి ఏడ్చాను.

2 డిసెంబర్
ఆర్డరు వచ్చింది. ఆయనకు రిటైర్‌మెంటు. ఓబులేసు ఆగస్టు క్లెయిము మంజూరు. రెండూ ఒకే కవరులో. జనవరి ఆఖరుకు ఇల్లు ఖాళీ చేయాలి. బోగోలులో మా తమ్ముడు సంజీవరావు వెనక గది ఇస్తానన్నాడు.

కొత్తగా వచ్చినతను కుర్రవాడు. గాలి ఎటో తెలుసుకోవడం మా ఆయన దగ్గర నేర్చుకుంటున్నాడు. ఆయన చెంప మీద తగిలే గాలిని బట్టి చెప్తారు. ఎప్పుడూ తప్పు పోదు.

25 జనవరి 1962
లంగరు వచ్చింది. పిచ్చమ్మ వేలిముద్ర వేసింది. మగవాళ్ళంతా వేటలో ఉన్నారు. ఆమె ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకున్నాం. పిచ్చమ్మ ఇల్లు చేరేలోపు ఇసకలో మూడుసార్లు దించాం.