మీ తమ్ముడికి పగటి డ్యూటీ

ఏమండీ,

నిన్నటికి మీరు పోయి ఏడాది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. మీ తమ్ముడు సుందరం సంగతి చెప్పాలని రాస్తున్నాను.

మార్టూరు రాళ్ళ ఫ్యాక్టరీలో మీ రాత్రి డ్యూటీ అతనికే ఇచ్చారు. పగలు మన రేకులింట్లో వేడికి నిద్ర పట్టేది కాదు. ఎంత తిన్నా ఇంకా ఆకలనేవాడు. చెంబులకు చెంబులు నీళ్ళు తాగేవాడు. మీకు షుగర్ వచ్చినప్పుడూ ఇలాగే మొదలైంది కదా. భయమేసి ఒంగోలులో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. అతనికీ షుగర్ మొదలవుతోందన్నారు.

"ఇతను తీపి ముట్టడండీ. వాళ్ళన్నయ్యా ముట్టేవారు కాదు" అన్నాను.

"తీపి ఒక్కటే కాదమ్మా. నిద్ర చాలకపోతే ఆకలి పుట్టించే హార్మోన్ పెరుగుద్ది, ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు. ఇంట్లో ఒకరికి ఉంటే ఇంకా తొందరగా వస్తది" అన్నారు డాక్టరుగారు.

మీరు చాటుగా మిఠాయిలు తిని షుగర్ తెచ్చుకుని పోయారని అత్తయ్య ఊరంతా చెప్పేది. ఇంటికొచ్చి ఆవిడకు డాక్టరు మాట చెప్పాను. మర్నాడు తనే ఫ్యాక్టరీకి వెళ్ళింది.

"పెద్దోడు ఎటూ పోయాడయ్యా. వీణ్ణి పగలు వేసుకో, లేకపోతే మానిపిస్తా" అంది ఓనరుతో.

వేసుకున్నారు. సుందరం ఇప్పుడు రాత్రిళ్ళు నిద్రపోతున్నాడు. షుగర్ తగ్గిందట.

నిన్న ప్రార్థనకు వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరికీ వెళ్ళి, "మా పెద్దోడు తీపి తినలేదమ్మా, వాడికి నిద్ర లేదు" అని చెప్పింది అత్తయ్య. ఎవరూ అడగలేదు. అయినా చెప్పింది.

నాకు ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. గిన్నెలు తోమడానికి పెరట్లోకి వెళ్ళాను.