కుప్పం పెట్టల కాలివేళ్లు

కార్తీక సోమవారం. కోళ్లగూడు కడిగాను, రాగులు ఎండబోశాను, నీ ఫొటోకు దీపం పెట్టాను.

అత్తా, నువ్వు పోయి నేటికి ఏడాది. నీ వెనకే తెగులొచ్చి నీ నాటుకోళ్లన్నీ పోయాయి. మళ్లీ జాతి నిలపాలని మొన్న పుంగనూరు సంతలో ఒక కుప్పం ఆమె దగ్గర పుంజును, నాలుగు పెట్టలను కొన్నాను. పిల్లలు తీయడానికి పనికొస్తాయో లేదో అని ఈరోజు ఒక్కొక్కదాన్నీ పట్టి చూశాను. పుంజు రొమ్ము గట్టిగా ఉంది, కాళ్లు తిన్నగా ఉన్నాయి. మొదటి పెట్ట వేళ్లు విడదీశాను. ఎడమకాలి వేళ్ల నడుమ పొరలో చీలిక ఉంది. మిగతా మూడింటికీ అంతే. గుడ్డు పగిలి పిల్ల వచ్చిన మర్నాడు బ్లేడుతో నువ్వు పెట్టే గుర్తు అది.

సంతలో ఆమె ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాను.

"ఈ గుర్తు ఎవురు పెట్టిరమ్మా?"

"నేనే. మదనపల్లె పెద్దమ్మ మాయమ్మకు పెట్టను పాలికిచ్చింది. పిల్లల్లో సగం ఆమెవి. ఆమె వంతుకు ఆమె చూపిన గుర్తే పెడతా ఉండాము. ఆమె రాకపాయె, గూడు సాలక అమ్మితిని. నువ్వెవురు?"

"ఆమె కోడల్ని. ఆమె లేదు."

"మీ కోళ్లు మీకే అమ్మితినా తల్లీ. దుడ్లు ఎనక్కిస్తా."

"మేపిన కూలి అనుకో. పుంజూ మాదేనా?"

"అది వేరే ఊరిదిలే."

రక్తం వేరు కాబట్టి పిల్లలు తీయొచ్చు.

కుప్పానికిచ్చిన పెట్ట ఇక రాదని నీతో పోట్లాడి, లెక్కల పుస్తకంలో ఆ వరుస కొట్టేసింది నేనే. దాని కింద ఈరోజు రాశాను: నాలుగు పెట్టలు ముట్టాయి. కుప్పం బాకీ తీరింది.