నాలుగింటికి తెగే లైన్

5 ఆగస్టు 2002, సోమవారం

ఈ రోజు లైన్ ఆరుసార్లు తెగింది. ఆరు! నెత్తి బాదుకున్నాను.

ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీ వాళ్లు నన్ను ఇంటి నుంచి పని చేయనిస్తున్నది మూడు నెలల ట్రయల్ మీద. ఎక్కడెక్కడి డాక్టర్లో గొణిగినదంతా విని, టైప్ చేసి, సాయంత్రం ఐదులోపు అప్‌లోడ్ చేయాలి. ఐదూ ఐదుకి పంపితే పంపనట్టే. నిన్నగాక మొన్న సూపర్‌వైజర్ ఒక వార్నింగ్ మెయిల్ పంపాడు కూడా.

పాతబస్తీలో ఈ గౌలిపురా గల్లీలో మా వరసకంతటికీ ఫోన్ మాదే. నాన్న ఉదారంగా అందరికీ మా నంబరే పీపీ నంబర్‌గా, అంటే పక్కింటి ఫోన్‌గా, ఇచ్చేశారు. పగలు మాత్రం ఫోన్ వైరు నెట్ కలిపే మోడెంకే ఉంటుంది, ఉన్నది ఒక్కటే సాకెట్ మరి. చేసేవాళ్లు ఎంగేజ్ విని సాయంత్రం చేస్తారు. అంతలో ఎవరి కొంపా మునగదు.

6 ఆగస్టు

వెనక పోర్షన్ వరమ్మ మళ్లీ వచ్చింది. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి పూలు తెచ్చి మాలలు కట్టి అమ్ముతుంది. కూతురు ఆండాలు పోయిన ఏడాది తనకు నచ్చినవాణ్ణి చేసుకుని షోలాపూర్ వెళ్లిపోయింది. అక్కడ తువ్వాళ్ల మిల్లులో పనట. ఆ రోజు నా గడప తొక్కకు అని గల్లీ అదిరేలా అరిచింది వరమ్మే. ఇప్పుడు రోజూ వచ్చి, ఫోన్ ఏమన్న వచ్చిందా బిడ్డా అని అడుగుతున్నదీ వరమ్మే.

రాలేదన్నాను. రాకపాయె తియ్, దానికి నా పంతమే వచ్చింది అని నవ్వేసి వెళ్లింది. చేతుల నిండా మల్లెపూల వాసన.

9 ఆగస్టు, శుక్రవారం

రాసేశాను! కంప్యూటర్ తనంతట తానే నడుపుకునే పన్నెండు వరసల స్క్రిప్ట్. నిమిషానికోసారి నెట్ ఉందో లేదో చూస్తుంది. లేకపోతే వెంటనే మళ్లీ డయల్ చేస్తుంది. కుదరకపోతే పది సెకన్లు ఆగి ఇంకోసారి. నేను హెడ్‌ఫోన్స్ తియ్యనక్కర్లేదు. మోడెం కీచుమనే గోల పడలేక దాని స్పీకర్ కూడా మూసేశాను. జరిగినదంతా టైముతో సహా లాగ్ ఫైల్లో రాసుకుంటుంది. నాకంటే బుద్ధిగా డైరీ రాస్తుంది.

ఈ రోజు నాలుగింటప్పుడు ఒకసారి తెగింది, నాకు తెలిసేలోపే కలిపేసింది. నన్ను నేనే మెచ్చుకున్నాను, మెచ్చుకోవడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి.

17 ఆగస్టు

అన్ని ఫైళ్లూ టైముకే. సూపర్‌వైజర్ గుడ్ అని ఒక్క మాట రాశాడు.

ఒక వింత. లాగ్‌లో రోజూ ఇదే వరస: 4:05 కట్. ఎర్రర్ 680. 4:06 కనెక్టెడ్. 680 అంటే డయల్ టోన్ లేదని. మోడెం లైన్ ఎత్తింది, టోన్ కోసం కాసేపు చూసింది, వినపడక పెట్టేసింది. అంతే. ఆదివారం రాలేదు, పంద్రాగస్టున రాలేదు. సెలవులు పాటించే జబ్బు ఇదే మొదటిసారి చూడటం.

22 ఆగస్టు

వరమ్మ అడిగింది. రాలేదన్నాను.

24 ఆగస్టు, శనివారం

లైన్‌మన్ అంజన్ వచ్చాడు. స్తంభం ఎక్కాడు, దిగాడు, చాయ్ తాగాడు. లైన్ సాఫ్ ఉన్నదక్కా, ఖాళీ పీలీ ఫికర్ పడకు అన్నాడు. గంతగనం డౌట్ ఉంటే మోడెం స్పీకర్ ఆన్ జేసి ఇను, నాలుగింటికి లైన్ల లొల్లి ఏందో నీకే ఎరుకైతది అని సలహా ఇచ్చాడు. అతను వెళ్లేసరికే 4:30. లాగ్‌లో 680 ఉంది. సోమవారం వింటాను.

26 ఆగస్టు, సోమవారం, 4:20

మోడెం స్పీకర్ తెరిచి పెట్టుకుని కూర్చున్నాను.

4:05కి లైన్ తెగింది. స్క్రిప్ట్ డయల్‌కి వెళ్లింది. మోడెం టక్కుమని ఎత్తింది. కీచు వస్తుందనుకుని చెవి దగ్గరగా పెట్టాను.

అమ్మా, అంది మోడెం.

అమ్మా, ఇయ్యాల గూడ ఎత్తి సప్పుడు చెయ్యకపోతివి. ఏడో నెల పడ్డదే నాకు. కాన్పుకు ఏడికి పోవాల్నో సమజైతలేదు. ఇగ ఫోన్ చెయ్య తియ్.

ఆండాలు గొంతు. అరచేతంత ప్లాస్టిక్ డబ్బాలోంచి. నేను ఆగు ఆగు అని అరిచాను. డబ్బాకి వినపడుతుందా? వైరు పీకి ఫోన్‌కి పెట్టబోతే క్లిప్ ఇరుక్కుంది. టక్. స్క్రీన్ మీద 680. పది సెకన్ల తర్వాత నా స్క్రిప్ట్ మళ్లీ డయల్ చేసి, కనెక్టెడ్ అని రాసుకుంది.

తొలి కాన్పుకి పుట్టింటికి రమ్మంటుందేమోనని ఫోన్ చేసింది. రోజూ. రోజూ ఎవరో ఎత్తారు. మాట్లాడకుండా పెట్టేశారు.

అదే రోజు, 7:00

నాన్నని అడిగాను. ఎక్స్చేంజ్‌లో చెప్పి కాల్ వెయిటింగ్ పెట్టించారట, ఈ నెల మొదట్లోనే. నువ్వు నెట్‌లో ఉన్నా వరమ్మకి కాల్ వస్తే తెలుస్తుంది కదా, పాపం అని. నాకు చెప్పడం మర్చిపోయారట!

ఇప్పుడు అంతా అర్థమైంది. మిల్లులో షిఫ్టు దిగి ఆండాలు చేసే కాల్ తగలగానే బీప్ పడి నెట్ తెగేది. ఫోన్ మోగాల్సిన చోట మోడెం ఉంది. నా స్క్రిప్ట్ డయల్ చేయబోయి ఆ కాల్‌నే ఎత్తేది. ఊరికే ఎంగేజ్ వచ్చి ఉంటే పిల్ల మళ్లీ చేసుకునేది. నాన్న మంచితనం, నా తెలివి కలిసి తల్లి పంతం పట్టి కూర్చుందని ఆమెని నమ్మించాయి.

నాన్న సగం అన్నంలోనే చేయి కడిగేసుకున్నారు.

29 ఆగస్టు

మూడు రోజులుగా మూడున్నర నుంచి ఐదు దాకా వైరు ఫోన్‌కే. మోగలేదు. ఫైళ్లు లేటు. వరమ్మ వచ్చింది. రాలేదన్నాను. అన్నాక బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను, సిగ్గులేనిదాన్ని.

30 ఆగస్టు

చెప్పేశాను. అన్నీ. వరమ్మ దారం చేతిలో పట్టుకుని నిలబడే విన్నది. తిడుతుందనుకున్నాను. ఎన్నిమాట్ల చేసింది అని అడిగింది. పద్నాలుగు సార్లు అన్నాను. గదంత రాసి ఉన్నదా అంది. ఉంది. అయితే సదువు అంది.

చదివాను. ఆగస్టు తొమ్మిది, 4:05, ఎర్రర్ 680. ఆగస్టు పది, 4:05, ఎర్రర్ 680. ఉత్తరాలు చదివించుకున్నట్టు ఒక్కో వరసకీ ఊ కొట్టింది. పన్నెండు. పదమూడు. అక్కడ ఆగాను. ఆగకు అంది. పద్నాలుగూ అయ్యాక చేతిలోని దారం ఉండ చుట్టేసింది.

నీ పని ఆగొద్దని నా బిడ్డ నోరు మూసినవు గద సాహిత్యా అంది. వెళ్లిపోయింది. ఎప్పుడూ బిడ్డా అనే మనిషి.

2 సెప్టెంబర్, సోమవారం

షోలాపూర్ దుప్పట్లు, తువ్వాళ్లు అమ్మే రామలింగయ్య దుకాణానికి నాన్న, నేను వెళ్లాం. ఆండాలు ఏ మిల్లో ఎవరికీ తెలియదు. అక్కడ మనోళ్లే మస్తుమంది ఉంటరు సార్, నా సరుకు తెచ్చే లారీ ఆయనకు చెప్త, మిల్లుకొక చిట్టీ ఇస్తడు అన్నాడు రామలింగయ్య. అక్కడే కూర్చుని నలభై చిట్టీలు రాశాను. ఆండాలూ, ఎత్తింది మీ అమ్మ కాదు, మా కంప్యూటర్. తప్పు నాది. మీ అమ్మ రమ్మంటోంది. నాలుగింటికి చెయ్యి.

మూడో చిట్టీ రాస్తుండగా అక్షరాలు చెదిరాయి. నాన్న పెన్ను తీసుకోబోయారు. ఇవ్వలేదు.

4 సెప్టెంబర్

ఉద్యోగం పోయింది. మెయిల్ రెండు వరసలు.

7 సెప్టెంబర్

వరమ్మ మూడున్నరకల్లా వచ్చి ఫోన్ పక్కన కూర్చుంటోంది. నాతో మాట్లాడదు. మాలలు కడుతుంది. ఐదవగానే లేచి వెళ్తుంది.

12 సెప్టెంబర్, గురువారం

4:05. మోగింది.

వరమ్మే ఎత్తింది. నోరు తెరిచింది. అవతల అమ్మా, అమ్మా అంటోంది, నాకు వినిపిస్తోంది. వరమ్మ నోట మాట రావడం లేదు. మూడు సెకన్లు. ఐదు.

రిసీవర్ మీదికి వంగి అరిచాను. ఈసారి మీ అమ్మే ఎత్తింది ఆండాలూ, ఏడుస్తోంది, పెట్టకు!

పెట్టలేదు.