ఎమ్మిగనూరు సెట్టు పలికింది

నాగభూషణం,

ఎమ్మిగనూరు పోయి వానలో చిక్కుకున్న మీ అన్న బతికే ఉన్నారు. అత్తయ్య పక్క వీధి నుంచి రాగానే ముందు ఆ మాట చెప్పు. కరెంటు ఇంకా రాలేదు. రేడియో బ్యాటరీ నీరసించింది కాబట్టి సాయంత్రం వార్తలకు మాత్రమే పెట్టు, పాటలకు పెట్టవద్దు. వాన మళ్ళీ ఉందంటారేమో విను.

తంతి తీగలు తెగినప్పటి నుంచి మూడు రోజులు నేను పోలీసు స్టేషన్ మెట్ల మీదే ఉన్నాను. "ఆడోళ్లు టేసన్‌కు పోతారా వదినా, జనం నగుతారు" అన్నావు. ఎవరూ నవ్వలేదు. ఈ మధ్యాహ్నం వైర్‌లెస్ చూసే పోలీసాయన నన్ను లోపలికి పిలిచాడు.

"ఎమ్మిగనూరు వైర్‌లెస్ సెట్టు పలికిందమ్మా. గోడ కూలి మీ ఆయప్పకు కాలిరిగింది. సాలెవాళ్ల ఇంట్లో ఉండాడు, పానానికేం బయం లేదు. నిన్ను వాగు దాటి రావొద్దని సెప్పమన్నాడు. తిరిగి ఏం పలకమంటావు?" అన్నాడు.

"బయలుదేరిందని పలకండి" అన్నాను.

బియ్యం లారీ నాలుగింటికి వాగు దాకా పోతుంది. అక్కడి నుంచి పుట్టి పడవలో దాటిస్తారట. నువ్వు వెంట రావద్దు, అత్తయ్య దగ్గర ఉండు. లారీవాడు వీధి చివర హారన్ కొడుతున్నాడు, పోతున్నాను.

కనకవల్లి

కాలు సంగతి అత్తయ్యకు చెప్పవద్దు. ఉట్టి మీద నాలుగు జొన్నరొట్టెలు పెట్టాను, వేడి తగ్గకముందే ఆ పోలీసాయనకు ఇచ్చి రా. మూడు రోజులుగా ఆయన కూడా ఆ కుర్చీ వదలలేదు.