మెట్టెలకు సబ్బు

ఏమయ్యా,

నువ్వు లేకుండా మొదటిసారి ఆ స్కానింగ్‌కి వెళ్లొచ్చాను. పొద్దున్నే మన ఊరు కొంటాలో బస్సెక్కితే కిటికీ పక్క సీటు ఖాళీగానే ఉంది. అది నీదే కదా, నేను ఇవతలే కూర్చున్నాను.

నీ వణుకుడు జబ్బుకి మెదడు ఏటేటా ఎలా మారుతుందో చూడ్డానికి నీకు బొమ్మలు తీసేవాళ్లు. పోల్చుకోవడానికి జబ్బు లేని మనిషి కావాలని డాక్టరంటే, "మా ఆమె ఉన్నది గద సార్, ఆమెను పండుకోబెట్టుర్రి" అని నన్ను ఇరికించింది నువ్వే. నువ్వు పోయినా నా వంతు ఆగలేదు. నీ బొమ్మలు ఇంకా పనికొస్తున్నాయట. ఒక్కరివి చూస్తే ఏమీ తేలదట, చాలామందివి కలిపి చూడాలట.

ఆ మిషన్లోకి ఇనుమూ వెండీ ఏదీ పోకూడదంటారు కదా. పోయినేడు నా మెట్టెలు రాకపోతే నర్సమ్మ సబ్బు రాసి లాగింది. బయటికొచ్చి తొడుక్కోబోతే, "నేనుండంగ నువ్వే పెట్టుకునుడేంది?" అని కసిరి, నేను కూర్చున్న బల్ల ముందు నేలమీద కూర్చున్నావు. నీ వేళ్లు వణికి మెట్టె జారిపోయేది, మళ్లీ తీసేవాడివి. అందరూ చూస్తున్నారని నాకు ఒళ్లు మండింది. నువ్వు మాత్రం వదల్లేదు.

ఈసారీ ఆ నర్సమ్మే సబ్బు పట్టుకుని వచ్చింది. నా కాళ్లు చూసి, సబ్బు వెనక్కి తీసుకెళ్లిపోయింది.

స్కానింగ్ అయ్యాక బయట అదే బల్లమీద కూర్చున్నాను. "అయిపోయింది, ఇగ పోవచ్చమ్మా" అన్నది నర్సమ్మ.

కాళ్లు చాపుకుని కాసేపు అలాగే కూర్చున్నాను.