జిగురు పట్టని చోటు

సూర్యాపేట

వీరాచారి గారికి నమస్కారం.

ఇది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను.

మీరు చేసిన బీరువా తలుపు మీద అంటించిన పలుచని చెక్క పొర, ఆ వెనీర్ ఉబ్బిందంటే, గుడ్డ పరిచి వేడి ఇస్త్రీపెట్టెతో అదమమన్నారు. అదిమాను. జిగురు కరిగి అంచులన్నీ మళ్లీ అంటుకున్నాయి. నడుమ అరచేయంత చోటు మాత్రం లేస్తూనే ఉంది. మిర్యాలగూడలో కొన్న ఆ వెనీరే నాసిరకమనుకుని బ్లేడుతో కోసి చూశాను.

కింద ప్లైవుడ్ మీద పసుపు ఉంది. దాని మధ్య కుంకుమ బొట్టు. నా భార్య అలివేలు వేలి గీతలు కూడా చెదరలేదు.

మీరు పని మొదలుపెట్టిన రోజు గుర్తుందా? "కొత్త చెక్కకు బొట్టు వెట్టకుంటనే షురువు చేస్తరా?" అని అలివేలు మిమ్మల్ని కసిరింది.

"నూనె కలిపిన పసుపమ్మా, జిగురు పట్టదు" అన్నారు మీరు.

"అయితే తుడువుండ్రి, సూస్తా!" అంది.

నేను నవ్వి ఊరుకున్నాను. తర్వాత మీరు తుడిచేసి ఉంటారనుకున్నాను. ఇల్లాలు పెట్టిన బొట్టు చెరపడానికి మీకు చేయి రాలేదన్నమాట.

ఆమె పోయాక చీరలన్నీ తన చెల్లెళ్లు పంచుకున్నారు. ఆమె చేతి గుర్తు ఇంట్లో ఇంకేదీ లేదనుకున్నాను.

ఇస్త్రీకి అంటుకోకపోతే ఆదివారం కోదాడ నుంచి వచ్చి, ఆ చోటు సాండ్ పేపర్‌తో రుద్ది కొత్త వెనీర్ వేస్తానన్నారు. దయచేసి రుద్దవద్దు. కోసిన అంచులు అంటించి, నడుమ తెరిచే ఉంచండి. పని చెడిందని ఎవరైనా అంటే, నేనే అలా చేయించుకున్నానని చెబుతాను.